బోస్నియా బాటలో ఏడు దినాలు: ఖర్చెంత?

ఐరోపా ప్రయాణం సంపన్నులకే తగిన పని అన్న అభిప్రాయం మన ఇళ్ళలో స్థిరపడిపోయి ఉంది. అందులో నిజం లేకపోలేదు. అక్కడి పెద్ద నగరాలలో నాలుగు రాత్రుల బసకు అయ్యే సొమ్ముతో మన వంటి కుటుంబాలు నెలల తరబడి ఇల్లు నడుపుకోగలవు. అయితే ఐరోపా అంతటా ధరలు ఒక్క తీరుగా లేవు. ఆ ఖండానికి ఆగ్నేయ దిక్కున, బాల్కన్ ప్రాంతపు కొండల నడుమ బోస్నియా-హెర్జెగొవీనా అనే చిన్న దేశం ఉంది. 2013 జనగణన ప్రకారం అక్కడి జనాభా సుమారు 35 లక్షలు. వారిలో సగం మంది ముస్లింలు. గడచిన వేసవిలో మేము ఆ దేశంలో అద్దె కారు తీసుకుని ఏడు దినాలు తిరిగి వచ్చాము. వచ్చిన నాటి నుండి బంధుమిత్రులు వేస్తున్న ప్రశ్న ఒక్కటే: "మొత్తం ఎంతయింది?"

పాఠకులలో కూడా ఈ ప్రశ్న గలవారు ఉండవచ్చునని భావించి, మా లెక్కల పుస్తకాన్ని దాపరికం లేకుండా ఇక్కడ విప్పి పెడుతున్నాము.

ఒక ఏడాది ఆలస్యం

మేము మద్రసాలో దాదాపు ముప్ఫై ఏండ్లుగా పాఠాలు చెబుతున్నాము. ఫిఖ్‌హ్ గ్రంథాలలో వక్ఫు ప్రకరణం వచ్చిన ప్రతిసారీ విద్యార్థులకు సరాయెవో నగరపు గాజీ ఖుస్రో బేగ్ వక్ఫును ఉదాహరణగా చెప్పడం మా అలవాటు. ఆయన స్థాపించిన మద్రసా 1537లో మొదలై నేటికీ నడుస్తున్నది. చెప్పడమే గాని కంటితో చూచినది లేదు. దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా కుమారునికి ఈ కోరిక తెలుసు. అక్కడి నుండి సరాయెవోకు నేరుగా విమానాలు ఉన్నాయి. "అబ్బా, మీరూ అమ్మీ వస్తే నలుగురం కలిసి పోయి వద్దాం" అని రెండేళ్ళ క్రితమే ఫోను చేశాడు.

డబ్బు సంగతి అడిగితే, క్రెడిట్ కార్డుపై వాయిదాలలో కట్టవచ్చునన్నాడు. నెలకు కొద్ది మొత్తమే గనుక తెలియకుండానే తీరిపోతుందన్నాడు. వాయిదాలలో వడ్డీ ఉన్నదా అని అడిగాము. ఉన్నదన్నాడు. వడ్డీతో చేసే విహారం మాకు వద్దని, ఏడాది పాటు కూడబెట్టి ఆ మీదట చూద్దామని చెప్పాము. అతడు కొంత చిన్నబుచ్చుకున్నా మాట కాదనలేదు. మా ఇల్లాలు ఇంటి ఖర్చులో నుండి, కోడలు తన వంతుగా, మేము ట్యూషన్ల రాబడిలో నుండి నెల నెలా పక్కన పెడుతూ వచ్చాము.

ఆ నిర్ణయం సరైనదేనని నేటికీ నమ్ముతున్నాము. అయితే ఒక నిజం దాచకూడదు. ఆ ఏడాదిలో మా ఇల్లాలి మోకాళ్ళ నొప్పి ముదిరింది. పోచితెల్ అనే గ్రామంలో కొండ మీది కోటకు మేము ముగ్గురం ఎక్కుతుంటే ఆమె కింద చెట్టు నీడన కూర్చుండిపోయింది. ఆలస్యానికి కూడా ఒక వెల ఉంటుంది. దానిని మా లెక్కల పుస్తకంలో ఎక్కడ వ్రాయాలో తెలియలేదు.

ముందుగా కావలసినవి

భారత పాస్‌పోర్టు గలవారికి బోస్నియా వీసా అవసరం. ఢిల్లీలో ఆ దేశపు రాయబార కార్యాలయం ఉంది. పలుమార్లు ప్రవేశానికి అనుమతించే షెంజెన్ వీసా చేతిలో ఉన్నవారికి పరిమిత దినాల మేరకు మినహాయింపు ఉంది. నియమాలు మారుతూ ఉంటాయి గనుక టికెట్లు కొనక ముందే విచారించుకోవాలి. కారు నడిపేవారు మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుపోవాలి. పొరుగున ఉన్న క్రొయేషియాలోకి కారు దాటించాలనుకుంటే అద్దె సంస్థ అనుమతి, బీమా పత్రాలు చూసుకోవాలి. క్రొయేషియా 2023 జనవరి నుండి షెంజెన్‌లో చేరింది గనుక దానికి ఆ వీసా కూడా ఉండాలి. మేము ఈ చిక్కుల జోలికి పోక ఒక్క దేశానికే పరిమితమయ్యాము. ఖర్చు తగ్గించిన మొదటి నిర్ణయం ఇదే.

అక్కడి నాణెం పేరు మార్కు. దాని విలువ యూరోతో ముడిపడి ఉంది. ఒక యూరోకు 1.95583 మార్కులు అన్నది మారని లెక్క. మేము పోయిన సమయంలో ఒక మార్కును సుమారు 50 రూపాయలుగా లెక్కించుకున్నాము. చిన్న దుకాణాలలో, పల్లెలలో నగదే నడుస్తుంది. పర్యాటకులు వచ్చే చోట్ల యూరోలు కూడా తీసుకుంటారు గాని లెక్కలో మనకే కొంత నష్టం. దేశం దాటిన తర్వాత మార్కులను మార్చుకోవడం కష్టం గనుక మిగిలినవి అక్కడే మార్చుకుని రావాలి.

దారి, కారు, ఇంధనం

మా దారి ఇది. సరాయెవోలో రెండు రాత్రులు. అక్కడి నుండి త్రావ్నిక్ మీదుగా యాయ్‌త్సేలో ఒక రాత్రి. తర్వాత దక్షిణానికి దిగి మోస్తార్‌లో రెండు రాత్రులు. మళ్ళీ సరాయెవోకు వచ్చి రెండు రాత్రులు. చివరి దినాలలో ఒకనాడు స్రెబ్రెనీత్సాకు పోయి వచ్చాము. అంతా కలిపి సుమారు 850 కిలోమీటర్లు.

కారు అద్దె రోజుకు 80 మార్కుల చొప్పున ఏడు దినాలకు 560 మార్కులు. వేసవి ధర అది. తక్కిన కాలాలలో తగ్గుతుంది. పెట్రోలు లీటరు 2.60 మార్కులు. అరవై లీటర్లకు 156 మార్కులు అయింది. టోల్, పార్కింగ్ కలిపి 50 మార్కులు దాటలేదు. అక్కడ టోల్ వసూలు చేసే వేగరహదారి కొద్ది దూరమే ఉంది. తక్కినదంతా రెండు వరుసల కొండదారి.

ఆ దారులలో వంద కిలోమీటర్లంటే మన జాతీయ రహదారి మీది వంద కాదు. సరాయెవో నుండి మోస్తార్‌కు దూరం 130 కిలోమీటర్లే గాని రెండున్నర గంటలు పడుతుంది. దారిలో చాలా దూరం నెరెత్వా నది ఆకుపచ్చని నీటితో పక్కనే వస్తుంది. ఊళ్ళలో గంటకు 50, బయట 80 కిలోమీటర్లు వేగపరిమితి. పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వెలిగించి నడపాలన్నది చట్టం. బండ్లు కుడి పక్కన నడుస్తాయి. యుద్ధకాలపు మందుపాతరలు కొన్ని ప్రాంతాలలో ఇంకా మిగిలి ఉన్నాయి గనుక హెచ్చరిక పలకలు ఉన్న చోట దారి దిగి పొదలలోకి, అడవిలోకి పోరాదు. పిల్లలతో పోయేవారు ఈ మాటను మరువకూడదు.

తిండి, బస

ఆహారానికి నలుగురికి కలిపి రోజుకు 90 మార్కులు మించనీయలేదు. ఉదయం బురెక్. ఇది మాంసపు కూర కూరి పొరలు పొరలుగా కాల్చిన రొట్టె. ఒక్కొక్కటి అయిదు మార్కుల లోపే. మధ్యాహ్నానికి రొట్టె, పెరుగు, పండ్లు కొనుక్కుని ఏ ఏటి గట్టునో కూర్చునేవారము. రాత్రికి చెవాపి. ఇవి మన సీఖ్ కబాబులకు దగ్గరి చుట్టాలు. చిన్న చిన్న కబాబులను సోమున్ అనే మెత్తని రొట్టెలో పెట్టి, తరిగిన ఉల్లిపాయలతో ఇస్తారు. పది ముక్కల పళ్ళెం పన్నెండు మార్కులు. ఇక్కడ ఒక జాగ్రత్త: దేశంలో సగం మంది ముస్లింలైనా, అన్ని హోటళ్ళలోనూ హలాల్ మాంసమే ఉంటుందని అనుకోరాదు. మేము ప్రతి చోటా అడిగే తిన్నాము. ఎవరూ విసుగుకోలేదు.

సరాయెవో పాత బజారు బాష్‌చార్షియాలో నీటికి ఖర్చు లేదు. చౌకు మధ్యన కొయ్యతో కట్టిన ఒక చలివేంద్రం ఉంది. పేరు సెబీల్. మన సబీలే. సీసాలు అక్కడే నింపుకునేవారము. మా ఇల్లాలికి అక్కడి మాటలు వినడం ఒక వినోదమైంది. సబ్బును సపూన్ అంటారు, చక్కెరను షెచెర్ అంటారు. ఉర్దూ తెలిసిన చెవికి ఇవి పరాయి మాటలు కావు. అతిథిని ముసాఫిర్ అంటారు. మనకు ముసాఫిర్ అంటే బాటసారి మాత్రమే. వారికి బాటసారి వేరు, అతిథి వేరు కాలేదు.

బస ఏడు రాత్రులకు 770 మార్కులు అయింది. సరాయెవోలో రెండు గదుల ఇల్లు రాత్రికి 120 చొప్పున నాలుగు రాత్రులు. యాయ్‌త్సేలో 90. మోస్తార్‌లో రాత్రికి 100 చొప్పున రెండు రాత్రులు. ఈ చివరి లెక్క వెనుక ఒక కథ ఉంది. అది మాకు గౌరవం తెచ్చేది కాదు.

మోస్తార్‌లో మేము చేసిన బేరం

మోస్తార్ నడిబొడ్డున నెరెత్వా మీద ఒకే కమానుతో నిలిచిన రాతి వంతెన ఉంది. వాస్తుశిల్పి మిమార్ ఖైరుద్దీన్ దానిని 1566లో పూర్తి చేశాడు. 1993 నవంబరు 9న యుద్ధంలో ఫిరంగి గుండ్లకు అది కూలిపోయింది. తిరిగి కట్టి 2004 జూలైలో తెరిచారు. ఆ వంతెనకు కొద్ది దూరంలో ఒక వృద్ధురాలు తన ఇంటిలో రెండు గదులు అద్దెకు ఇస్తున్నది. రాత్రికి 120 మార్కులు చెప్పింది. బజారులో నిలబడి బేరమాడడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. నూరుకు దించాము. ఆమె ఒక్క క్షణం ఆలోచించి తల ఊపింది. ఇరవై మార్కులు, అంటే వెయ్యి రూపాయలు మిగిల్చామని మాకు లోలోపల సంతోషం కలిగింది.

జూలైలో అక్కడ తెల్లవారుజామున మూడు గంటలకే ఫజ్ర్ వేళ అవుతుంది. వుజూ కోసం లేచిన మా ఇల్లాలు వంటింటి గుమ్మం వద్దనే ఆగిపోయి వెనుకకు వచ్చింది. "ఆమె వంటింట్లో నేల మీద పడుకుని ఉంది. మనకు ఇచ్చిన రెండో గది ఆమెదే అయి ఉంటుంది" అన్నది. మేము మాట్లాడలేకపోయాము.

ఉదయం ఆమె పిలవకుండానే కాఫీ తెచ్చింది. రాగి పాత్రలో కాచి, పిడి లేని చిన్న గిన్నెలలో పోసి, పక్కన ఒక తీపి ముక్క పెట్టింది. కోడలు తన ఫోనులోని అనువాద యంత్రంతో ఆమెను పలకరించింది. కుమారుడు జర్మనీలో భవన నిర్మాణంలో పనిచేస్తున్నాడని, ఆ వీధిలో పడుచువారు ఎక్కువమంది అలా వెళ్ళినవారేనని, వేసవి రెండు నెలల రాబడితో చలికాలం గడవాలని చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు. అడిగితే చెప్పింది. మా ఊరి నుండి గల్ఫుకు పోయిన కుమారుల తల్లులు ఇలాగే చెబుతారు.

అంతవరకు బోస్నియా చౌక దేశం అని నోరారా చెప్పుకున్నాము. ఎవరికి చౌక? మన చేతిలోని కాగితాలకు అక్కడ విలువ ఎక్కువ గనుక మనకు చౌక. అక్కడి జీతంతో అక్కడే బతకవలసిన వారికి అదే బురెక్, అదే పెట్రోలు చౌక కావు. చౌకగా దొరికిన ప్రతిదానిలో ఎవరో ఒకరు తక్కువ తీసుకున్న శ్రమ ఉంటుంది. దాని మీద మళ్ళీ బేరమాడడం మాకు అవసరమైన పని కాదు. మేము అవసరంతో చేయలేదు, అలవాటుతో చేశాము.

బయలుదేరే నాడు అద్దెతో పాటు రెండు రాత్రులకు తగ్గించిన నలభై మార్కులు, రెండు ఇరవై కాగితాలుగా ఆమె చేతిలో పెట్టాము. ఆమె లెక్క చూచుకుని, ఒక కాగితం ఉంచుకుని రెండవది తిరిగి ఇచ్చింది. ఎంత చెప్పినా తీసుకోలేదు. పైగా పెరటి చెట్టు అంజూర పండ్లు ఒక సంచి నిండా కారులో పెట్టింది. "అల్లాహిమానెత్" అని సాగనంపింది. అల్లాహ్‌కు అమానతుగా అప్పగిస్తున్నానని దాని భావం.

మూడు దినాల ముసాఫిర్‌ఖానా

సరాయెవోకు తిరిగి వచ్చిన సాయంత్రం గాజీ ఖుస్రో బేగ్ మస్జిదులో మగ్రిబ్ నమాజు చేశాము. 1531 నాటి కట్టడం అది. పర్యాటకులకు టికెట్టు ఉంది. నమాజుకు వచ్చినవారికి లేదు. పక్కనే గడియార స్తంభం. దాని ముల్లు పన్నెండుకు చేరితే సూర్యాస్తమయమైనట్లు లెక్క. నమాజు వేళలకు అనుగుణంగా దానిని సరిచేస్తూ ఉంటారు.

మస్జిదు ఎదుటనే మద్రసా. తరగతి గదుల గుమ్మాలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాము. మద్రసా నిర్మాణానికి కేటాయించిన ధనంలో మిగిలినదానితో మంచి గ్రంథాలు కొనాలని ఖుస్రో బేగ్ వక్ఫునామాలో వ్రాయించాడు. ఆ షరతు నుండి పుట్టినదే నేటి పెద్ద గ్రంథాలయం. 1992 నుండి 1996 వరకు సరాయెవో ముట్టడిలో ఉండగా అక్కడి సిబ్బంది ప్రాణాలకు తెగించి వ్రాతప్రతులను ఒక చోటి నుండి మరొక చోటికి మోసుకుపోయి కాపాడారు.

ఆ వక్ఫులోనే ఒక వంటశాల, ఒక ముసాఫిర్‌ఖానా కూడా ఉండేవి. వచ్చిన బాటసారి ఎవరైనా మూడు దినాలు ఉచితంగా ఉండి భోజనం చేయవచ్చు. ఆతిథ్యం మూడు దినాలన్న దైవప్రవక్త (సల్లం) బోధను ఒక పాలకుడు తన ఆస్తితో రాతికట్టడంగా నిలిపాడు. ఈ సంగతి మేము తరగతిలో ఎన్నోసార్లు చెప్పాము. మోస్తార్ వంటింటిని చూచిన తర్వాత గాని ఆ పాఠం మాకు పూర్తిగా బోధపడలేదు. ఆ వృద్ధురాలికి వక్ఫు లేదు, దుకాణాల అద్దెలు లేవు. ఉన్న గది ఇచ్చి తాను నేల మీద పడుకుంది.

లెక్కకు రాని ఒక దినం

స్రెబ్రెనీత్సా పర్యటన గురించి ఇంటిలో వాదన జరిగింది. పోను రాను దాదాపు 290 కిలోమీటర్లు, కొండదారి, ఒక రోజంతా పడుతుంది. విహారయాత్రలో దుఃఖం ఎందుకని కోడలు అడిగింది. చివరకు అందరమూ పోయాము. దారిలో ఊళ్ళ పేర్లు సిరిలిక్ లిపిలో కనిపిస్తాయి. ముందుగా కొన్ని అక్షరాలు నేర్చుకుని పోవడం మంచిది.

1995 జూలైలో అక్కడ ఎనిమిది వేలకు పైగా ముస్లిం పురుషులను, బాలురను కొద్ది దినాలలో హతమార్చారు. అది జాతిసంహారమని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో తీర్పు చెప్పింది. పొతోచారి స్మారక శ్మశానంలో ఆరు వేలకు పైగా తెల్లని సమాధిరాళ్ళు కొండవాలు మీద బారులు తీరి ఉన్నాయి. చాలా రాళ్ళపై మరణ సంవత్సరం ఒక్కటే. పుట్టిన సంవత్సరాలు వేరు వేరు. రోడ్డుకు ఆవలి పక్క ఐక్యరాజ్య సమితి సైనికులు బస చేసిన పాత కర్మాగారం నిలిచి ఉంది. సమాధుల నడుమ నడవడానికి రుసుము లేదు. ఫాతిహా చదివి తిరిగి వస్తుండగా సరాయెవో చేరే వరకు కారులో ఎవరూ మాట్లాడలేదు. వాదించిన కోడలే రాత్రి, "రాకుండా ఉంటే తప్పు చేసేవాళ్ళం, మామయ్యా" అన్నది.

మొత్తం ఎంతయింది?

ఇక లెక్క. కారు 560, ఇంధనం 156, టోల్, పార్కింగ్ 50, బస 770, ఆహారం 630, ప్రవేశ టికెట్లు 150. మొత్తం 2,316 మార్కులు. మన రూపాయలలో సుమారు 1,15,800. మనిషికి 29 వేల లోపు. ఏడు దినాల ఐరోపా ప్రయాణానికి ఇది నిజంగా తక్కువే.

అయితే అసలు భారం వేరే చోట ఉంది. హైదరాబాదు నుండి మా ఇద్దరికి, దుబాయి నుండి పిల్లలిద్దరికి విమాన టికెట్లు 2,10,000 అయ్యాయి. వీసాలు, బీమా, కాగితాల పనులకు 24,000. అన్నీ కలిపితే దాదాపు మూడున్నర లక్షలు. దేశం చౌకైనది, చేరుకోవడం చౌక కాదు. చౌక దేశాల గురించి మాట్లాడేవారు ఈ రెండవ సగాన్ని తరచూ చెప్పరు. అది విన్న పడుచువారు మొదటి సగాన్ని నమ్మి, మిగిలినదానికి వడ్డీ అప్పులు చేస్తారు.

కనుక పోదలచినవారికి మా మనవి ఇది. ముందు విమాన ఖర్చు లెక్క వేయండి. అది అప్పు లేకుండా తీరుతుందనిపిస్తేనే తక్కినది ఆలోచించండి. వీలైతే జూలై, ఆగస్టు వదిలి మే నెలలోనో సెప్టెంబరులోనో పొండి. గదులు, కారు తక్కువకు దొరుకుతాయి, మోస్తార్ ఎండ కూడా తగ్గుతుంది. నలుగురు కలిసి పోతే కారు భారం పంచుకోవచ్చు. ఇంటిలో పెద్దవారు ఉంటే, వారి కాళ్ళలో శక్తి ఉండగానే కూడబెట్టడం మొదలుపెట్టండి. పెద్ద హోటళ్ళలో ధర అడగండి, పోల్చండి, తగ్గించమనండి. ఒంటరి వృద్ధురాలు తన ఇంటి గదికి చెప్పిన ధరను మాత్రం అలాగే చెల్లించండి.

ఆమె ఉంచుకున్న ఆ ఇరవై మార్కులను మేము పై లెక్కలో కలపలేదు. కుమారుడు అడిగితే, అది ప్రయాణ ఖర్చు కాదని, మేము పడిన బాకీ అని చెప్పాము. మిగిలిన ఇరవై కాగితం ఇంకా మా లెక్కల పుస్తకంలోనే ఉంది. వక్ఫు ప్రకరణం మళ్ళీ వచ్చినప్పుడు దానిని పిల్లలకు చూపించి ఈ కథ చెప్పాలని ఉంచుకున్నాము.